తారు కల్లం

రాత్రి మా బండి
పదకొండు లక్షల కిలోమీటర్లు తిరిగింది.
చక్రానికి మట్టి అంటలేదు.

అనంతపురంలో, బిరియానీ హోటలు మీద మూడో అంతస్తు.
పద్నాలుగు తెరలు, ఒక ఏసీ రొద.
తెరల్లో నేను వాన కురిపిస్తాను
(ఈ జిల్లాలో అడిగినప్పుడల్లా కురిపించేది నేనొక్కదాన్నే),
ఎదురెండ పెడతాను,
పాలక్యాన్ల మోటారుసైకిలును రాంగ్ సైడులో పంపుతాను,
నూట నలభై గొర్రెల్ని ఒక్క మీటతో రోడ్డు దాటిస్తాను.
నా గొర్రెలకు వాసన లేదు.
ఒకటి దాటిందని ఇంకోటి దాటదు, నేను చెబితే తప్ప.

ఒక పిల్లవాడున్నాడు, బంతి వెనక పరిగెత్తేవాడు.
పేరు పెట్టలేదు, పెడితే చెయ్యి ఆడదని.
నాలుగువేలసార్లు పరిగెత్తించాను.
మొదట్లో ముప్పై ఏడుసార్లు బండి ఆగలేదు.
ఆ ముప్పై ఏడింటికీ
మైల పట్టినవాళ్లు ఎవరూ లేరు.

నిన్న నిజం రోడ్డు.
కళ్యాణదుర్గం దారి, పొద్దున ఎనిమిదిన్నర.
స్టీరింగు ముందు మస్తాన్‌వలి.
ఆర్టీసీలో ఇరవైతొమ్మిదేండ్లు తోలిన చేతులు
తొడల మీద పెట్టుకుని కూర్చోవడానికి ఇప్పుడు జీతం.
"వంటాయన్ని పంక్తిలో కూర్చోబెట్టినట్లుంది మేడమ్,
ఉప్పు తక్కువైనా నోరు తెరవగూడదు."

బండి బాగానే పోయింది.
గాలిమరల రెక్కల నీడలు రోడ్డును కోస్తుంటే
రెండింటికి తటపటాయించింది,
తర్వాత లెక్కచేయలేదు.

మలుపు తిరిగితే
రోడ్డంతా ఉలవకట్టె.
మోకాలెత్తు, ఇరవై గజాలు.
బండి ఆగింది.
ఆగమనే కదా నేను నేర్పింది,
దారిలో ఉన్నదేదైనా అడ్డమేనని.

కట్టెకు అవతల ఒకామె, నెత్తికి తువ్వాలు, చేతిలో పంగలకర్ర.
చెయ్యి ఊపింది.
రా, రా, ఎక్కించు, అని.
మా బండి భాషలో అది ఆగు, ఆగు.
ఆమె ఇంకా గట్టిగా ఊపింది.
బండి ఇంకా గట్టిగా ఆగింది.

"ఏమప్పా, బస్సులే తొక్కిపోతాండాయి,
నీ కారుకేమన్నా కాళ్ల నొప్పులా?"
దగ్గరికొచ్చి అద్దంలోంచి తొంగిచూసి
ఊరికే కూర్చున్న మస్తాన్‌వలిని చూసి
"తోలేది మాని తపస్సు సేస్తాండావే!"

ఈ సీమలో కల్లాలు తారుతో ఉంటాయని
నా పద్నాలుగు తెరలకు తెలీదు.
నాకు తెలుసు.
సిగ్గంతా అక్కడే.
మా అవ్వ కొర్రలు రోడ్డు మీదే రాల్చేది,
లారీ పోతే పొట్టు లేచి నా కళ్లల్లో పడేది.
నాకిచ్చిన రోడ్లకు తెల్లగీతలున్నాయి,
పక్కన ఏ దేశపువో చెట్లున్నాయి,
పొట్టు లేదు.
నేనూ అడగలేదు.

మస్తాన్‌వలి మెల్లగా అన్నాడు:
"బండిది తప్పనలేను మేడమ్.
ఇట్లాంటి కట్టే ఇరుసుకు చుట్టుకోని
నా ముందర పోయే జీపు అంటుకుంది ఒకసారి.
ఇంకోసారి, బస్సు నిండా జనం,
ఎందుకో బ్రేకు తొక్కినా.
దిగి చూస్తే కట్టె కింద నీడకని దూరి
నిద్రపోతాండాడు ఒక పిల్లోడు."

"ఎందుకు తొక్కినావు?"
నోటుబుక్కు తీశాను.
చానాసేపు ఆలోచించినాడు.
"కట్టె కట్టె మాదిరి లేదు మేడమ్."

రాసుకున్నాను.
ఏ అంకెలో పెట్టాలో తెలీలేదు.

తర్వాత దిగి, కట్టెను నాలుగుచోట్ల ఎత్తి చూసి,
స్టీరింగు పట్టుకుని
ముందుకూ వెనక్కూ మూడుసార్లు తొక్కించాడు.
పటపటమని కాయలు పగిలాయి.
ఆమె నవ్వలేదు, "ఇంగోసారి" అంది.

రిపోర్టులో:
ప్రమాదం లేదు. మనిషి జోక్యం ఒకటి. ఫలితం, పాస్.
కట్టె ఎత్తి చూసిన దానికి గడి లేదు.

ఇప్పుడు రాత్రి ఒంటిగంట.
కింద హోటలు షట్టరు పడింది.
తెర మీద ఉలవకట్టె పరిచాను, పోచ పోచా.
అది పగలదు, చప్పుడు చెయ్యదు.
దాని కింద
బంతి తీసేసి
ఆ పిల్లవాణ్ని పడుకోబెట్టాను.

బండి మలుపు దగ్గర నిలబడి ఉంది.
మీట మీద వేలుంది.
ఇంకా నొక్కలేదు.